సందు వైపు కిటికీ

రేకు మీద గీత గీశాక మేస్త్రి దాన్ని మళ్ళీ కొలవడు. మోకాలి కింద రేకును అదిమిపట్టి, కత్తెర నోరు గీతకు ఆనించి, ఒక్క ఊపున కోసుకుపోతాడు. ఆ ఉదయం కూడా అలాగే కోశాడు. తెగిన అంచును బొటనవేలి గోటితో నిమిరి చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. అంచును ఇనప దిమ్మ మీద పెట్టి కొయ్య సుత్తితో మెల్లగా మడవడం మొదలుపెట్టాడు. మడతలో మడత కూర్చోవాలి. రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి జొనిపినట్టు రెండు రేకులూ పట్టుకోవాలి. అలా పట్టుకున్న గొట్టం గోడ కూలినా విడిపోదు.

ఆయన కూర్చున్నది ఒక సందులో. ఒకవైపు నాలుగంతస్తుల బట్టల షాపు వెనక గోడ, ఇంకోవైపు పాతకాలపు వరస గదులు. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు పక్కకు తిరిగి, పొట్టలు లోపలికి పీల్చుకుంటే గానీ దాటలేని సందు. షాపు గోడకు, తలెత్తి చూడాల్సినంత ఎత్తున, ఏసీల బయటి డబ్బాలు ఆరు బిగించి ఉన్నాయి. షాపులో జనం చల్లగా చీరలు చూసుకుంటుంటే, లోపల్నుంచి లాగిన వేడంతా ఈ డబ్బాల మూతుల్లోంచి సందులోకి వస్తుంది. వచ్చి ఎక్కడికీ పోదు. ఎదుటి గోడకు కొట్టుకుని, వెనక్కి తిరిగి ఆ డబ్బాల్లోకే దూరి, ఇంకాస్త కాగి మళ్ళీ బయటికొస్తుంది.

ఆ ఎదుటి గోడలోనే మేస్త్రి అక్క గది కిటికీ ఉంది.

అక్క కాజాలు కుడుతుంది. పక్క వీధి టైలరు దగ్గర్నుంచి చొక్కాలు మూటగా వస్తాయి. గుండీ పట్టేంత చీలిక కోసి, దాని చుట్టూ దారం తిప్పి, గుండీలు కుట్టి, ఇస్త్రీకి పోయేలా మడత పెట్టి పంపాలి. మిషన్లు వచ్చాక చేతి కాజా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అడిగేది ఖరీదైన తెల్ల చొక్కాల వాళ్ళే. తెల్ల గుడ్డ మీద తెల్ల దారం కనపడాలంటే పగటి వెలుతురు ఉండాలి. ఆ గదిలోకి పగటి వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచి. అందుకే పెళ్ళయి ఆ గదికి వచ్చిన రోజు నుంచీ ఆమె పీట కిటికీ కిందే ఉంది. టైలరైన మొగుడు పోయాక కూడా పీట కదల్లేదు.

నిరుడు ఎండాకాలం ఆ పీట మీద కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. అద్దాల తలుపులు మూసి చూసింది. అద్దం పెనంలా కాలింది, గాలి ఆడక గది మరీ అధ్వాన్నమైంది. తెరిస్తే ఎవరో మొహం మీద ఆగకుండా ఆవిరి ఊదుతున్నట్టు ఉండేది. గడ్డం మీంచి చెమట జారి తెల్ల చొక్కా మీద పడేది. ఉతికినా పోని పసుపుపచ్చ మరక. రెండు మూటలు అలా వెనక్కి వచ్చాయి. ఒక మధ్యాహ్నం సూది చేతిలో ఉండగానే చొక్కాల మీదికి ఒరిగిపోయింది. పక్క గది ముసలాయన చూసి కేకేశాడు కాబట్టి బతికింది. ఇంకోసారి ఆ వేడిలో కూర్చుంటే నా దగ్గరికి తీసుకురావాల్సిన పని కూడా ఉండదు అన్నాడు డాక్టరు.

మేస్త్రి ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇంటికి కప్పు రేకులదే. వారం తిరక్కుండా అక్క తన గదికి వచ్చేసింది. వచ్చి, పరామర్శకు వచ్చిన వాళ్ళతో ముఖంలో ఏమీ కనపడనీయకుండా చెప్పింది, మా తమ్ముడు రేకుల మేస్త్రి కదమ్మా, పనితనమంతా ఇంటి నెత్తిన పెట్టాడు, కింద మనుషుల్ని వేయించుకోవచ్చు అని.

టైలరు మంచివాడే. కత్తెర పట్టడం ఆమె మొగుడి దగ్గరే నేర్చుకున్నాడు. ఆ మర్యాద కొద్దీ కాజా మిషను కొనకుండా నెట్టుకొస్తున్నాడు. కానీ ఈసారి మరకలు పడితే ఇక తన చేతిలో లేదని, తల వంచుకుని, నేలతో చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు.

అందుకని ఎండలు ముదరకముందే ఆ సందులో వేడిని ఎత్తి ఎక్కడైనా పారేయాలి. మేస్త్రి ఆ పనికి కూర్చున్నాడు.

వేడిని ఎత్తి పారేయడం ఆయనకు కొత్త కాదు. అమ్మ పోయినప్పుడు ఆయన ఇంకా అక్క చంక దిగని పిల్లాడు. అక్క కాజాలు కుట్టి ఆయనకు అన్నం పెట్టింది, కాస్త ఎదిగాక మేనమామ దగ్గర రేకు పనిలో పెట్టింది. మేనమామ బకెట్లు, గరాటులు, కిరసనాయిలు దీపాలు చేసేవాడు. ప్లాస్టిక్ బకెట్లు వచ్చిన ఏడాది సుత్తి మూలన పడేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. మేనల్లుణ్ణి కూడా తూకం రాళ్ళు పట్టుకోమన్నాడు. మేనల్లుడు పట్టుకోలేదు. రేకును వదిలి ఉప్పూ పప్పూ తూచడానికి ఆయనకు చేతులు రాలేదు. ఒక బేకరీవాడికి పొగగొట్టం చేసి పెట్టాడు. అది చూసి ఇంకో బేకరీవాడు పిలిచాడు. తర్వాత హోటళ్ళ వంటగదులు, బట్టలు ఉడకబెట్టే లాండ్రీలు, జనరేటరు గదులు. కొన్నాళ్ళకు ఊళ్ళో ఎక్కడ ఏ గది కాగిపోతున్నా గొట్టాల మేస్త్రిని పిలవండి అనేవారు. పేరు పోయి అదే పేరైంది. రోజల్లా రేకు మీద మోత మోగించి మోగించి ఎడమ చెవి సగం పోయింది.

గొట్టానికి రెండు మూతులుంటాయి. గదిలో మూతికి కొలతలు తీసుకునేటప్పుడు యజమాని పక్కనే నిలబడి సవాలక్ష చెప్పేవాడు. సున్నం రాలకూడదు, అందంగా కనపడాలి, పైకి కట్టాలి, కిందికి దించాలి. రెండో మూతి దగ్గర ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. దాన్నెక్కడ పెట్టాలి అంటే, బయటికి పెట్టెయ్ మేస్త్రీ అనేవాళ్ళు. బయట అంటే ఎక్కడో, అక్కడ ఎవరుంటారో మేస్త్రి కూడా ఎన్నడూ అడగలేదు. మడత గట్టిగా కూర్చుందా, గాలి ఎక్కడైనా లీకవుతోందా, అంతవరకే ఆయన చూసుకునేవాడు.

బట్టల షాపు మేనేజరును ఒప్పించడానికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. మేనేజరు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ప్రతిసారీ ఓపిగ్గా విని, యజమానిని అడిగి చెబుతానని పంపేవాడు. చివరికి గోడకు కన్నాలు పడకూడదు, ఏసీలు ఆగకూడదు, పని షాపు తీయకముందే జరగాలి అని మూడు షరతులు పెట్టి సరేనన్నాడు. రేకు మేస్త్రిదే, కూలీ మేస్త్రిదే. గోడౌన్లో మూలన పడి ఉన్న పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి మాత్రం ఇస్తానన్నాడు. అది అవసరమే. డబ్బాల్లో ఉండే ఫ్యాన్లకు ఎదుటి గోడదాకా ఊదే సత్తువే ఉంటుంది, పొడుగు గొట్టంలో గాలిని నాలుగంతస్తులు నెట్టమంటే ఊపిరాడక డబ్బాలు ఆగిపోతాయని షాపు ఏసీలు చూసే మెకానిక్కు ముందే చెప్పాడు. అందుకని మేస్త్రి ఆరు డబ్బాల మూతులకూ కలిపి ఒక పెద్ద పెట్టె, పెట్టె నెత్తి మీంచి డాబా దాకా ఒకటే గొట్టం, గొట్టం చివర ఆ ఫ్యాన్ అనుకున్నాడు.

కొలతల దగ్గరే మాట తేడా వచ్చింది. మెకానిక్కు ఎక్కువ మాట్లాడేవాడు కాదు, అయినా ఆ రోజు నిచ్చెన మీంచి దిగి మరీ చెప్పాడు.

"గొట్టం ఇంకో జానెడు వెడల్పు పెట్టు మేస్త్రీ. పెట్టె కూడా. రేపు ఎలా ఉంటుందో మనకేం తెలుసు."

మేస్త్రికి చురుక్కుమంది. కొలతకు మించి పెట్టడమంటే కొలవడం రానివాడు చేసే పని అని ఆయన నమ్మకం. "ఆరు డబ్బాలకు ఆరు డబ్బాల గొట్టమే చేస్తాను. మనిషికి సరిపడా చొక్కా కుడతారు గానీ, రేపు లావెక్కుతాడని ఇవాళే వదులు పెడతారా?"

కిటికీలోంచి అక్క తల ఎత్తకుండానే అంది. "ఎదిగే పిల్లలకి వదులు పెట్టే కుడతార్రా."

అది ఆయన ఎడమ చెవి వైపు కిటికీ. వినపడలేదు కాబోలని మెకానిక్కు నవ్వి ఊరుకున్నాడు. మేస్త్రి రేకు మీద గీత గీశాడు.

పని చాలా రోజులు పట్టింది. తెల్లారుతూనే వచ్చి షాపు తెరిచేలోపు ఒక ముక్క ఎక్కించేవాడు. గొట్టాన్ని సందులోంచి తాళ్ళతో పైకి లాగడానికి వరస గదుల వాళ్ళందరూ చెయ్యేశారు. అందరికీ ఆ కిటికీలే, అందరికీ ఆ వేడే. పక్క గది ముసలాయనకు తాడు లాగే ఓపిక లేదు కాబట్టి అరుగు మీద కూర్చుని ఎడమకు, కుడికి అని కేకలేస్తూ పనికి అడ్డం పడ్డాడు. ఆ అరుపులు ఎడమ చెవికి వదిలేసి మేస్త్రి తన పని తను చేసుకున్నాడు.

బిగింపులన్నీ అయ్యాక తడి గోనె ముక్క అంటించి దాని పొగను పెట్టె అంచుల వెంబడి తిప్పాడు. ఫ్యాన్ వేయమన్నాడు. పొగ ఎక్కడా తడబడకుండా, దారి తెలిసినదానిలా పెట్టెలోకి దూరి పోయింది. డాబా మీద నిలబడిన మెకానిక్కు పైనుంచి చెయ్యి ఊపాడు. ఆరు డబ్బాలూ ఆగకుండా తిరుగుతున్నాయి. ఇంకో డబ్బా గాలి పట్టేంత చోటు గొట్టంలో లేదు. మేస్త్రి కోరుకున్నదీ అదే. కుట్టినట్టు సరిపోయింది.

అక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాల్లో అటూ ఇటూ తిప్పింది.

"ఏరా, సందు చచ్చిపోయిందా? ఊపిరి తగలట్లేదు."

"చంపేశాను."

"పాపం. మంచి పని చేశావు."

ఆ తర్వాత కొన్ని వారాలు బాగా నడిచాయి. ఎండ ఎండలాగే ఉంది, ఊరంతా మాడుతూనే ఉంది. కానీ ఆ సందులో నీడ నీడలాగా ఉంది. అక్క పొద్దున్నే పీట మీద కూర్చుంటే భోజనం వేళ దాకా లేచేది కాదు. మోకాలి మీద తెల్లటి తుండు పరుచుకుని దాని మీద చొక్కా పెట్టుకునేది. సాయంత్రం ఆ తుండు తెల్లగానే ఉండేది. టైలరు మూటలు పెద్దవి చేశాడు. ఒకరోజు ఆయనే సందులోకి వచ్చి, కిటికీ బయట నిలబడి, ఒక కాజాను వెలుతురుకు పెట్టి చూసి, ఇది కుట్టడం కాదమ్మా, గుడ్డకే పుట్టినట్టుంది అన్నాడు. మిషను మాట ఎత్తలేదు. పక్క గది ముసలాయన మధ్యాహ్నాలు స్టూలు తెచ్చి సందులోనే వేసుకునేవాడు. దారిన పోయేవాళ్ళు ఆయన కాళ్ళు దాటలేక తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

డాబా మీద గదిలో షాపు వాచ్‌మన్ కాపురం. మేస్త్రి ఫ్యాన్‌కు నూనె వేయడానికి పైకి వెళ్ళినప్పుడు వాచ్‌మన్ భార్య, బట్టలు ఆరేసిన నిమిషానికి ఆరిపోతున్నాయని సంతోషంగా చెప్పింది. ఇంకోసారి వెళ్ళినప్పుడు నసుగుతూ, ఆ మూతి కొంచెం అటు తిప్పుతావా అన్నా, మా మంచం కాలిపోతోంది అంది. మేస్త్రి మూతికి ఒక మలుపు చేసి పక్క బిల్డింగు వైపు తిప్పాడు. ఆ గోడలో రెండు చిన్న కిటికీలు కనిపించాయి. తలుపులు వేసి ఉన్నాయి. ఎవరివో తెలియలేదు. మలుపు బోల్టులు బిగించి కిందికి దిగాడు.

ఒక ఉదయం అక్కకు కొత్త దారపు ఉండలు తీసుకుని వస్తుంటే సందు మొదట్లోనే గోడ తొలిచే మోత వినిపించింది. మెకానిక్కు తొలిచే మిషను పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నాడు. కింద అట్టపెట్టెల్లో కొత్త డబ్బాలు నాలుగు.

మేస్త్రి ఏమీ అడగకముందే మెకానిక్కు మిషను ఆపాడు. పై అంతస్తు గోడౌన్‌ను కూడా షాపుగా మారుస్తున్నారని చెప్పాడు. రెండేళ్ళ నుంచి ఉన్న ఆలోచనే అది. ఇన్నాళ్ళూ, ఆ సందులో ఇంకో డబ్బా పెడితే వేడికి అన్నీ ఆగిపోతాయని తనే అడ్డం చెబుతూ వచ్చాడట. మొన్న యజమాని సందులోకి వచ్చి నిలబడి చూశాడు. ఇంత చల్లగా ఉంది కదయ్యా, ఇప్పుడేం అడ్డం అన్నాడు. మెకానిక్కు మిషను తెచ్చుకున్నాడు.

మేస్త్రి కొత్త కన్నాల వైపు చూశాడు. పైన గోడంతా తన పెట్టే, తన గొట్టమూ ఆక్రమించాయి. మిగిలింది కింది గోడ. కన్నాలు అక్క కిటికీకి సరిగ్గా ఎదురుగా, మనిషి మొహం ఎత్తులో పడుతున్నాయి.

"గొట్టంలో కలపొచ్చుగా."

"చోటేదీ మేస్త్రీ? కలిపితే పాత ఆరు కూడా ఆగుతాయి. నీ కొలత నీకు తెలియంది కాదు." అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది.

మేస్త్రి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. పాత పెట్టె విప్పి వెడల్పు చేస్తానని, రేకు తనే తెచ్చుకుంటానని, కూలీ ఏమీ వద్దని మేస్త్రి చెప్పాడు. ఎన్నాళ్ళు ఏసీలు ఆపాలి అని మేనేజరు అడిగాడు. వారం అన్నాడు మేస్త్రి. మేనేజరు పెదవి విరవలేదు, గొంతు పెంచలేదు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు.

"సీజను మధ్యలో వారం ఏసీలు ఆపానంటే రేపు ఈ కుర్చీలో ఇంకొకడు ఉంటాడు. వానలు పడ్డాక చూద్దాం. మీ పని చూసి మా సారు ఎంత మెచ్చుకున్నారో తెలుసా? ఆ సందులో అసలు చోటుందన్న సంగతే ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు అన్నారు."

మేస్త్రి మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే లేచాడు. మెట్లు దిగుతుంటే ప్రతి అంతస్తులోనూ చల్లటి గాలి వచ్చి కాళ్ళకు తగిలింది. నున్నగా తల దువ్వుకున్న కుర్రవాళ్ళు బల్లల వెనక నిలబడి చీరలు మడత పెడుతున్నారు. చీరలు కొనడానికొచ్చిన ఒకామె భుజాల మీదికి కొంగు లాక్కుని, మరీ చలేస్తోంది బాబూ అంటోంది.

కొత్త డబ్బాలు తిరగడం మొదలైన రోజున అక్క పీటను పక్క గోడ దాకా జరిపింది. మర్నాడు మంచం దాకా. అక్కడికి వెలుతురు రాదు, వేడి మాత్రం వస్తుంది. నిరుడు వేడి పైనుంచి దిగి వచ్చేది. ఇప్పుడు అడ్డం లేకుండా ఎదురుగా వస్తోంది. మోకాలి మీద తెల్ల తుండు మధ్యాహ్నం కాకముందే గోధుమరంగు తిరిగేది. ముసలాయన స్టూలు లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి కిటికీ ముందు ఒక రేకు వాలుగా కట్టి వేడిని పక్కకు మళ్ళించి చూశాడు. అది ముసలాయన కిటికీలోకి పోయింది. ముసలాయన దగ్గాడు. మేస్త్రి ఆ రేకు విప్పేశాడు.

మూడో మూటలో మరక పడింది. టైలరు వచ్చాడు. ఈసారి కిటికీ దగ్గరికి రాలేదు, వాకిట్లోకి వచ్చాడు. మిషను బయానా ఇచ్చేశానమ్మా అన్నాడు. రంగు చొక్కాలకు గుండీలు కుట్టే పని ఎప్పటికీ నీదే అన్నాడు. అక్క ఆయనకు టీ ఇచ్చింది. ఆ మిషన్లో దారం లాగే చోట తరచూ తెగుతుందని, నూనె ఎక్కడ వేయాలో మీ గురువుగారు చెబుతుండేవారని చెప్పి పంపింది.

ఆ మధ్యాహ్నమే ఆమెకు మళ్ళీ కళ్ళు తిరిగాయి. ఈసారి పడిపోలేదు. నేల మీద కూర్చుని, తడిగుడ్డ తల మీద వేసుకుని, తమ్ముడు వచ్చేదాకా అలాగే ఉంది. ఇంటికి పోదాం పద అన్నాడు మేస్త్రి. ఏ ఇంటికి, నీ పొయ్యిలోకా అంది. ఇంకో గది చూద్దామన్నాడు. ఊళ్ళో సందు లేని కిటికీ ఉన్న గది మనకెవరిస్తార్రా అంది. అదీ నిజమే. ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. ఊళ్ళో సగం సందుల్లోకి తెరుచుకున్న మూతులు ఆయన బిగించినవే.

చివరికి ఆమే అంది.

"కిటికీ మూసెయ్యి. అద్దంతో కాదు, రేకుతో. వాకిలి తీసి ఉంచుకుంటే అటు నుంచి కాస్త గాలి వస్తుంది."

"చీకటైపోతుంది."

"బల్బు వేసుకుంటాను."

"బల్బు కింద తెల్ల దారం కనపడదు."

"తెల్ల దారం ఎక్కడుంది ఇంక? గుండీలు కుట్టడానికి వెలుతురెందుకు, తింటామా?"

"ఇన్నేళ్ళూ తిన్నది అదేగా అక్కా."

అక్క తడిగుడ్డ తీసి పిండింది. పిండిన గుడ్డ దులిపి తాడు మీద వేసింది. "ఎదిగే పిల్లలకి వదులు పెట్టాలని అప్పుడే అన్నాను," అంది, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"వినపడింది."

"తెలుసు."

ఆ తర్వాత ఆ మాట వాళ్ళిద్దరూ ఎత్తలేదు.

మర్నాడు మేస్త్రి కిటికీ చట్రాన్ని నాలుగు వైపులా కొలిచాడు. కొలిచి, మళ్ళీ కొలిచాడు. ఒంటి రేకు తలుపైతే వేడిని ఆపదు, తనే కాలి లోపలికి ఊదుతుంది. అందుకని రెండు రేకుల మధ్య ఖాళీ వదిలి పెట్టెలాంటి తలుపు చేయాలనుకున్నాడు. మధ్యలో కూరడానికి ఏదైనా కావాలి. అక్క మంచం కిందికి వంగి ఒక గోనె సంచి లాగింది. నిండా గుడ్డ పీలికలు. మొగుడు చొక్కాలు కత్తిరించినప్పుడల్లా మిగిలినవి. బొంతకు పనికొస్తాయని ఇన్నేళ్ళూ దాచింది. బొంత కుట్టలేదు.

వాకిట్లో నీడన కూర్చుని ఇద్దరూ పని చేశారు. మేస్త్రి అంచులు మడిచాడు. అక్క పీలికలను పొరలు పొరలుగా పరిచి, అరచేత్తో అదిమి, మూలల్లోకి వేళ్ళతో దూర్చింది. ఒక్కో పీలికను చూసి ఇది ఫలానా పెద్దమనిషి చొక్కాది, ఇది ఆయన రెండో పెళ్ళప్పటిది అని చెబుతూ పోయింది. చారల పీలిక ఒకటి తీసి, ఇది నీ మొదటి చొక్కారా, మామయ్య దగ్గర పనికి పంపేటప్పుడు మీ బావ కుట్టింది, నీకు మోకాళ్ళ దాకా వచ్చేది అంది. మేస్త్రి సుత్తి ఆపి చూశాడు. అందులో వదులు ఎంత పెట్టారో ఆయనకు గుర్తే. అది ఒంటికి సరిపోయేసరికి రెండు వేసవులు పట్టాయి. అక్క దాన్ని మిగతా వాటి పక్కనే పరిచింది. మేస్త్రి పైరేకు మూసి అంచులు మడిచాడు.

తలుపు ఎక్కించేటప్పుడు అక్క చట్రానికీ తలుపుకూ మధ్య వేలు పెట్టి చూసింది. వేలు దూరింది.

"ఈసారి వదులు పెట్టావే."

"వేడికి రేకు సాగుతుంది. బిగుతుగా చేస్తే మధ్యాహ్నానికి ఇరుక్కుపోతుంది." ఆయన చట్రం చుట్టూ ఆ ఖాళీలో ఉన్ని గుడ్డ పట్టీలు అంటించాడు. తలుపు వాటి మీదికి మెత్తగా వచ్చి ఆనింది.

బందులకు నూనె వేశాడు. గడియ ఆమె చెయ్యి అందే ఎత్తులో, కూర్చున్నా తీసేలా కింద పెట్టాడు. లోపలి అంచు గీరుకోకుండా ఆకురాయితో మళ్ళీ ఒకసారి అరగదీశాడు. గోటితో నిమిరి చూశాడు. తుండుతో రేకు మీద చేతి గుర్తులు తుడిచి పక్కకు జరిగాడు.

"చూసుకో."

అక్క ముందుకు వచ్చి సందులోకి ఒకసారి చూసింది. ఎదురుగా నాలుగు డబ్బాలు, పైన ఆరు, వాటి మీద మడతలు మెరుస్తున్న పెద్ద పెట్టె, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా పైకి పోయిన గొట్టం. మంచి పని. ఆమె తలుపు లాగింది. వెలుతురు సన్నని గీతై, గీత కూడా పోయింది. గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. డబ్బాల మోత గోడ అవతల ఎక్కడో దూరాన వినపడుతున్నట్టయింది. రేకు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"కాలట్లేదు," అంది.

బల్బు వేసింది. పీటను కిటికీ కిందే వేసుకుని, గళ్ళ చొక్కా ఒకటి మోకాలి మీద పరిచి, నల్ల దారం తీసి నోటితో తడిపి సూది కంటికి పెట్టింది. దారం పక్కకు పోయింది. ఇంకోసారి పెట్టింది. పోయింది. మేస్త్రి చేతులు తుడుచుకుని వంగి, ఆమె చేతిలోంచి సూదీ దారమూ తీసుకుని, బల్బుకు ఎదురుగా పెట్టి ఎక్కించాడు. ముడి వేశాడు. సూది మొన తనవైపు ఉండేలా పట్టుకుని ఆమెకు అందించాడు.

ఆమె మొదటి గుండీ కుట్టడం మొదలుపెట్టాక ఆయన సుత్తి, కత్తెర, మిగిలిన రేకు ముక్కలు సంచిలో సర్దుకున్నాడు.